నీళ్ళకు పటం కట్టిన చిన్న సాయిబు

మొన్న నెల్లూరులో కళ్ళ డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని నా వంతు కోసం కూర్చున్నాను. ఎదురుగా గోడవారన ఒక గాజు తొట్టి. అందులో దీపం, బుడగలు ఊదే యంత్రం, రంగు గులకరాళ్ళు, సన్నటి చేపల గుంపు ఒకటి. మందు వేసిన కళ్ళకు అవి చేపల్లా కాక వెండి గీతల్లా కనిపిస్తున్నాయి. ఇంతలో లోపల ఎవరో పళ్ళెం జారవిడిచారు. ఆ చప్పుడుకు చేపలు తలో దిక్కుకు చెదిరాయి. చూస్తుండగానే మళ్ళీ ఒకటై, ఏమీ జరగనట్టు అన్నీ ఒకే వైపుకు తిరిగాయి.

"ఎవురు ముందు బెదిరినారని చేపలు అడగవు, చూసినావా," అన్నాను పైకే. పక్కన కూర్చున్న ఆవిడ సంచీ దగ్గరికి లాక్కుని కొంచెం దూరం జరిగింది. ఆమెను తప్పుపట్టలేను. ఆ మాట నాది కాదనీ, అల్లూరులో పటాలు కట్టే చిన్న సాయిబుదనీ ఆమెకెలా తెలుస్తుంది? ఆ మనిషి పోయి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకోవడానికి నాకే మనసొప్పదు.

పంతొమ్మిది వందల అరవై అటూ ఇటూగా నాకు అల్లూరు ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. మాది కోవూరు పక్క సేద్యం చేసుకునే కుటుంబం. తోడుగా మా అమ్మ వచ్చింది. ఎంత తిరిగినా ఇల్లు దొరక్క, చివరికి ఇద్దరు సాయిబులు, అన్నదమ్ములు, కాపురముంటున్న ఇంట్లో వీధివైపు గదులు అద్దెకు తీసుకున్నాం. "సాయిబుల ఇంట్లోనా," అని మా అమ్మ మొదట మూతి ముడిచింది. ఆ ఇంటి బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయని తెలిశాక విప్పింది. సముద్రం పక్క ఊళ్ళలో మంచినీళ్ళ బావి ఉన్న ఇల్లు దొరకడమంటే మాటలు కాదు.

అన్నదమ్ములకు బజారులో పటాల అంగడి ఉండేది. రాములవారికీ మక్కాకీ ఒకే బల్ల మీద చట్రాలు బిగించేవారు. పెద్దాయన గిరాకీ చూసేవాడు, చిన్నాయన గాజు కోసేవాడు. ఊరంతా వాళ్ళను పెద్ద సాయిబు, చిన్న సాయిబు అనే పిలిచేది. అసలు పేర్లు నాకు తెలుసు. ఎప్పుడూ నోటితో పలకలేదు కాబట్టి ఇక్కడా పలకను.

మేం దిగిన కొత్తలోనే ఒక పొరపాటు జరిగింది. కోతలైపోయిన రోజులవి. ఒక ఆదివారం చిన్న సాయిబు పొద్దుటి నుంచీ కనిపించకపోతే, మా అమ్మ ఆయన భార్యను పలకరింపుగా అడిగింది.

"పరిగెలకి పోయినాడమ్మా, కాలవ పక్కకి. పొద్దు కుంకితే గానీ రాడు," అంది ఆమె, ఎప్పుడూ ఉండేదేలే అన్నట్టు.

పరిగె అంటే మా అమ్మకు తెలిసింది ఒకటే, కోసిన చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడం. అది పూట గడవనివాళ్ళు చేసే పని. "పటాల అంగడి పెట్టుకుని పరిగె ఏరుకునే గతి పట్టిందా పాపం," అని మా అమ్మ కరిగిపోయి, చేటలో బియ్యం పోసి, పైన కాసిని కందిపప్పు పెట్టి, నా చేత లోపలికి పంపింది. చిన్న సాయిబు భార్య చేటను చూసింది, నన్ను చూసింది. సంగతి అర్థమయ్యాక గడప మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆ పరిగె కాదు టీచరమ్మా! చేప పరిగెలు! కాలవలో ఆడతా ఉంటాయే, బుడ్డవి, తోక కాడ నల్ల చుక్క ఉంటాది, అయ్యి! వండను కూడా కాదు, ఊరికే చూసుకునేదానికి!"

ఊరికే చూసుకోవడానికి చేపలు పట్టే మనిషి ఒకడుంటాడని మాకెలా తోస్తుంది? సాయంత్రం ఆయన వచ్చాడు. సన్నటి పొడుగాటి మనిషి, మోకాళ్ళ దాకా బురద, భుజాన తడి తుండు, చేతిలో మూతికి గుడ్డ కట్టిన కుండ. బియ్యం సంగతి భార్య చెబితే ఆయన నవ్వలేదు. చేటను రెండు చేతులా అందుకుని, "వీటికని పంపినట్టుండారు అమ్మగారు. తవుడైతే ఇంకా మేలు," అన్నాడు. ఆనాటి నుంచి మా ఇంటి తవుడంతా ఆ చేపలకే పోయింది.

ఆ చేపలుండే తొట్టి ఆయన కట్టుకున్నదే. ఇంటి నడిమి వసారాలో ఒక మొరటు బల్ల మీద ఉండేది. రేకు చట్రంలో పటాల గాజు పలకలు నిలబెట్టి, అతుకులకు లప్పం పట్టించాడట. మొదటిసారి నీళ్ళు పోస్తే లప్పం ఊడి వసారా అంతా ఏరయింది. రెండోసారీ అంతే. తర్వాత పల్లెపాళెం పోయి, పడవ పగుళ్ళకు అక్కడివాళ్ళు ఏం పూస్తారో చూసి వచ్చి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. ఇల్లంతా చాలా రోజులు గుగ్గిలం కంపు కొట్టిందని ఆయన వదిన నాతో చెప్పి వాపోయింది. ఇంత చేసినా ఒక మూల నుంచి నీళ్ళు ఊరుతూనే ఉండేవి. కింద ఒక మూకుడు పెట్టి, అది నిండగానే తీసి మళ్ళీ తొట్టిలో పోసేవాడు.

గుగ్గిలం తొట్టికి పూసింది చిన్నాయనే గానీ, అగ్గిమీద గుగ్గిలమైంది పెద్దాయన. మంచి గాజంతా చేపల పాలైందని ఆయన బాధ. "ఊళ్ళోవాళ్ళు దేవుడికి పటం కట్టించుకుంటారు. మావోడు నీళ్ళకి పటం కట్టినాడబ్బా," అని అంగడి మెట్లెక్కిన ప్రతివాడితోనూ అనేవాడు. చిన్నాయన చెవి మీది పెన్సిలు సర్దుకుని, అది తిట్టో పొగడ్తో ఇంకా తేలనట్టు నవ్వేవాడు.

ఆయనకు ఒక కన్ను మూసి చూడడం అలవాటు. గాజు కోసే ముందు గీత వంకర పోయిందేమో చూడడానికి అలా చూస్తారట. ఆయన మనుషులతో మాట్లాడేటప్పుడూ అలాగే చూసేవాడు. తెలియనివాళ్ళు కన్ను కొడుతున్నాడనుకునేవాళ్ళు. మా హెడ్మాస్టరమ్మ ఒకసారి అలాగే అనుకుని, కట్టించిన పటం తీసుకోకుండానే అంగడి దిగి వచ్చేసింది. ఆ పటం నేను మోసుకెళ్ళి ఇవ్వాల్సి వచ్చింది, వివరణతో సహా.

మొదట్లో ఆయన ఒక్క చేపనే తెచ్చాడట. అది మూలన నక్కి, ఏం వేసినా ముట్టలేదు. "బిడ్డ అన్నం తినకపోతే ఎట్టుంటాది, అట్టయిపోయింది టీచరమ్మా నాకు," అన్నాడు ఆ కథ చెబుతూ. అంగడి నుంచి అద్దం ముక్క తెచ్చి తొట్టికి ఆనించి పెట్టాడు. చేప అద్దం దగ్గరికి పోయింది. అందులో కనబడిన చేప పక్కనే అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి, మేత ముట్టింది. "సంతోషపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని మోసం చేసినట్టయింది గదా. అద్దం తీసేసి కాలవకి పరిగెత్తినా." అప్పటి నుంచి ఆయనది ఒకటే సిద్ధాంతం. పరిగెను ఒంటిగా ఉంచకూడదు. నాలుగైదు ఉంచితే మరీ తప్పు, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. గుంపుగా ఉంటేనే వాటికి శాంతం.

తొట్టి ఉన్నచోట ఎవరూ గొంతు పెంచకూడదని కూడా ఆయన పెట్టిన నియమమే. "ఆడ అరవబాకండి, వాటి గుండె చిన్నది," అనేవాడు. తోడికోడళ్ళు పోట్లాడుకోవాలంటే బావి దగ్గరికి పోయేవాళ్ళు. అక్కడిదాకా నడిచేసరికి సగం కోపం దారిలోనే రాలిపోయేది.

ఆయన ఊతపదం ఇంకొకటుంది. కాలవ నుంచి కొత్త నాచు తెచ్చి వేసినప్పుడు తొట్టి నీళ్ళు బురదగా మారేవి. మేం కంగారు పడితే, "కదిలించబాకండి, తేరుకుంటాది," అనేవాడు. నీళ్ళకే కాదు, జ్వరానికీ, ధరలకూ, భార్య అలకకూ ఆయన దగ్గర ఉన్న మందు అదే. మా అమ్మ ఆ ఇంట్లో ఉండగానే పోయింది. కర్మలన్నీ మా ఊళ్ళో ముగించుకుని నేనొక్కదాన్నే తిరిగొచ్చిన రోజున, ఆ మాట అంటాడేమో, అంటే మాత్రం ఊరుకోకూడదు అనుకుంటూ వచ్చాను. ఆయన ఏమీ అనలేదు. తొట్టి ముందు నాకో పీట వేసి, తవుడు గిన్నె నా చేతిలో పెట్టి, తన పని మీద తను పోయాడు. చేపలన్నీ కలిసి పైకొచ్చి మేత అందుకుంటుంటే, ఆ రోజు మొదటిసారిగా నాకూ ఆకలి అనిపించింది. ఆ ఉపకారం నేను ఎన్నటికీ మరచిపోలేను.

అన్నదమ్ములు విడిపోవడం నిలువుటద్దంతో మొదలైంది. ఒక పెళ్ళివారు చేయించుకుంటున్న అద్దం చిన్నాయన చేతిలో చిట్లింది. ఎంత పనివాడికైనా ఎప్పుడో ఒకప్పుడు అద్దం చిట్లుతుంది. పెద్దాయన మాత్రం పెళ్ళివారి ముందరే, "చేపల మీదుండే మనసు చేతి మీదుంటే ఎందుకు పగలతాది!" అనేశాడు. చిన్నాయన గాజు కోసే పనిముట్టు బల్ల మీద పెట్టి, ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. అన్న వచ్చి పిలుస్తాడని తమ్ముడు, తమ్ముడే వచ్చి పని అందుకుంటాడని అన్న. ఇద్దరూ ఎదురుచూశారు. తేరుకుంటుందనే అనుకున్నాడు చిన్న సాయిబు. కదిలించకుండా వదిలేస్తే నీళ్ళు తేరుకుంటాయి, మనుషులు మాత్రం గడ్డకడతారు. ఈ మాట ఆయనతో అనాలని ఎన్నోసార్లు అనుకుని అనలేకపోయాను. ఆడవాళ్ళ మాటలు తోడై గోరంత కొండంతయి, చివరికి భాగాలు పంచడానికి పెద్దమనుషులు వచ్చారు.

అంగడి పెద్దాయనకు. పనిముట్లు, కొంత చెక్క, గాజు చిన్నాయనకు. ఆయన బస్టాండు దగ్గర వేరే కొట్టు పెట్టుకోవాలి. నడిమి వసారాకు అడ్డంగా గోడ లేపి ఇంటిని రెండు చేయాలి. మంచినీళ్ళ బావి ఉమ్మడి. అద్దెకుండే టీచరమ్మ పెద్దాయన వంతు. నన్నూ పంచారని అలా తెలిసింది. అంతా అయిపోయిందని అందరూ లేవబోతుంటే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మరి చేపలో?"

"చేపలేంది?" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

"గాజు ఉమ్మడి అంగడిది. తొట్టి కావాలంటే వాడే పెట్టుకోనీ. చేపల్లో సగం నాయి."

చిన్న సాయిబు అప్పటిదాకా అన్నిటికీ తలూపుతూ వచ్చాడు. వంతులు ఎలా వేసినా సరేనన్నాడు. ఆ మాటకు మాత్రం లేచి నిలబడ్డాడు. "అన్నా, ఇంకేమన్నా తీసుకో. వాటిని పంచబాక. అయ్యి బతకవు," అన్నాడు. పెద్దాయన నేల చూపులు చూస్తూ, "సగం సగమే," అన్నాడు.

పెద్దమనుషులు తొట్టి చుట్టూ చేరి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ గుంపు ఒకచోట నిలిస్తే కదా! ఒకాయన ఇటు నుంచి ఎంచితే అది అటు తిరిగేది. ముగ్గురు పెద్దమనుషులు మూడు లెక్కలు చెప్పి, నాది ఒప్పంటే నాది ఒప్పని వాళ్ళలో వాళ్ళే వాదులాడుకున్నారు. చివరికి కంటికి సగమనిపించినన్ని తుండుతో పట్టి, పెద్దాయన తెచ్చిన మట్టి బానలో వేశారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను లోపలికి వెళ్ళిపోయాను.

బాన మా గుమ్మం పక్కనే పెట్టారు కాబట్టి తర్వాత జరిగింది నేను చూస్తూనే ఉన్నాను. చేపలు అడుగున ఒక మూల ముద్దకట్టుకుని ఉండిపోయాయి. పెద్దాయన అంగడికి పోయే ముందు వంగి తవుడు వేసేవాడు. అంగడి నుంచి వచ్చాక చూస్తే అది అలాగే తేలుతూ ఉండేది. "తినరేందిరా మీరు," అని గదమాయించేవాడు, అదిరిస్తే తింటాయన్నట్టు. అటుపక్క తొట్టిలో మిగిలినవి ఒకదాని వెంట ఒకటి పడి తోకలు కొరుక్కుంటున్నాయి. చిన్నాయన కొట్టు తెరవలేదు. ఒక చచ్చిన చేపను అరచేతిలో పెట్టుకుని పెరట్లోకి పోతూ నాకు ఎదురుపడ్డాడు. నేనున్నానని కూడా ఆయన గమనించలేదు.

మేస్త్రీ గోడ మోకాలెత్తు లేపాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చిన పెద్ద సాయిబు, తలమీద టోపీ కూడా తీయకుండా, ఆ నిండు బానను రొమ్ముకు హత్తుకుని లేపాడు. లుంగీ తడిసిపోతుండగా సగం గోడ దాటి, చేపల్ని నీళ్ళతో సహా తొట్టిలోకి వంచాడు. తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చేపలు కాసేపు గందరగోళంగా తిరిగి ఒకటైపోయాయి. పెద్దాయన మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఈ బల్ల కాడ గోడ లేపబాక. తొట్టి పట్టేంత సందు వదులు. పైన చెయ్యి దూరేంత ఉండాల."

"గోడలో సందు ఎందుకు సాయిబూ? ఇక్కడి మాటలు అక్కడికి వినబడతాయే," అన్నాడు మేస్త్రీ.

"చేపలు నా పక్కకీ కనబడాల. సగం నాయి."

హక్కు మాట కాబట్టి ఎవరూ కాదనలేదు. అలా ఆ తొట్టి గోడలో ఇమిడిపోయింది. ఇటు నుంచి చూస్తే చేపల వెనక చిన్న సాయిబు సంసారం, అటు నుంచి చూస్తే పెద్ద సాయిబు సంసారం, మధ్యలో నేను.

అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. కానీ ఇద్దరూ చెరో పక్క నుంచి మేత వేసేసరికి, తిననిది కుళ్ళి నీళ్ళు కంపు కొట్టసాగాయి. ఒకరోజు పొద్దున్నే పెద్దాయన తవుడు చేత్తో పట్టుకుని, తొట్టిలోకి చూస్తూ గట్టిగా అడిగాడు: "పరిగెల్లారా, మీకు మేత పడిందా, లేదా?"

అటు నుంచి జవాబొచ్చింది. "చేపలూ, పడిందని చెప్పండి."

మన ఇళ్ళలో మాటల్లేనివాళ్ళు పిల్లికో దూడకో చెప్పినట్టు చెప్పి అవతలివాళ్ళకు వినిపిస్తారు. వీళ్ళకు చేపలు దొరికాయి. మేతతో మొదలైన మాటలు ఏళ్ళు గడిచేకొద్దీ చిలవలు పలవలు వేశాయి. "పరిగెల్లారా, సన్నచట్రం చెక్క అంగట్లో మిగిలుండాది, కావల్సినోళ్ళు తీసుకోవచ్చని చెప్పండి." "చేపలూ, చెక్క మాకుండాది. మోకాళ్ళ నొప్పులోళ్ళని నువ్వుల నూనె రుద్దుకోమనండి." మూగజీవాలు ఇన్ని కబుర్లు మోయడం నేనెక్కడా చూడలేదు. పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ, పైకి నవ్వితే ఆ ఒక్క దారీ మూసుకుపోతుందేమోనని పెదవులు బిగబట్టుకునేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక చిన్న సాయిబును అడిగాను. "ఆ మాటేదో మనిషితోనే అనొచ్చు కదా సాయిబూ, మధ్యలో చేపలెందుకు?"

"ఆయన పెద్దోడు టీచరమ్మా. ఆయన పిలిస్తే పోనా? ముందు ఆయన పిలవాల."

పెద్దాయన్నీ అడిగాను. "వాడు చిన్నోడు. ముందు వాడు రావాల," అన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ న్యాయముంది. ఆ న్యాయంతోనే ఏళ్ళు గడిచిపోయాయి. పండగలకు గిన్నెలు గోడ దాటాయి. పెద్దాయన కూతురి నిఖా అయింది, చిన్నాయన కొత్త కొట్టు నిలదొక్కుకుంది. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. చేపల్ని మళ్ళీ కలిపిన మనుషులు తాము మాత్రం కలవలేకపోవడం చూస్తే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఒక ఏడు కార్తీకం వానల్లో చిన్న సాయిబు దగ్గుతో మంచాన పడ్డాడు. నెల్లూరు పెద్ద డాక్టరు చూసి, ఇంటికి తీసుకుపోండి అన్నాడు. చిన్న సాయిబు ఆ వానలు వెలిసేదాకా ఉండలేదు. ఆ మాటతో ముగించడం నాకు ఇష్టం లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆయన మంచం తొట్టి పక్కకు జరిపించుకున్నాడు. వానకు బడికి సెలవిచ్చిన ఒక పొద్దున నేను ఇటుపక్క వసారాలో ఉన్నాను. పెద్ద సాయిబు అంగడికి పోలేదు. పీట మీద కూర్చుని, నుదురు గాజుకు తాకేంత దగ్గరగా వంగి మాట్లాడుతున్నాడు.

"పరిగెల్లారా, నిన్నట్నించి ఏం తినలేదంట. గంజన్నా తాగమనండి. మదరాసులో ఇంకా పెద్ద డాక్టర్లు ఉండారని చెప్పండి. రైలుకి నేను తీసకపోతానని చెప్పండి." గాజు మీద పట్టిన ఆవిరిని అరచేత్తో తుడిచి, మళ్ళీ అందుకున్నాడు. "పలకమనండి. ఒక్క మాట పలకమనండి."

అటు నుంచి దగ్గు వినిపించింది. దగ్గు తగ్గాక ఆయన తొట్టి వైపు ఒత్తిగిలడం చేపల వెనక కనిపించింది. తర్వాత చిన్న సాయిబు గొంతు వచ్చింది, సన్నగా, స్పష్టంగా.

"అన్నా. వాటికేం తెలస్తాది? నాతో చెప్పు."

పెద్ద సాయిబు నోరు తెరిచాడు. అన్నేళ్ళుగా ఇంటి సంగతీ ఊరి సంగతీ చేపలతో చెప్పుకున్న మనిషి, తమ్ముడితో చెప్పడానికి ఒక్క మాట దొరక్క గోడ పట్టుకుని లేచాడు. భుజం మీది తుండు జారిపోయినా చూసుకోలేదు. చెప్పుల్లేకుండా గుమ్మం దిగి వానలోకి వెళ్ళిపోయాడు. ఎటు పోయాడా అని నేను వీధి గడప దాకా పరిగెత్తాను. ఆయన ఇంటి మూల తిరిగి, తమ్ముడి గుమ్మం వైపు పోతున్నాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

నేను తొట్టి దగ్గరికి తిరిగొచ్చేసరికి అటుపక్క పెద్ద సాయిబు తమ్ముడి మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. మరదలు చేతిలోని గంజి గిన్నె అందుకుని, చెంచా నింపి, ఒలకకుండా రెండో చెయ్యి కింద పట్టాడు.

"నోరు తెరువురా," అన్నాడు.

చిన్న సాయిబు నోరు తెరిచాడు.